సుంకాల గొడవ, గోదావరి గెల: అరటి, కొబ్బరి రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

2025 ఏప్రిల్‌లో అమెరికా మన సరుకు మీద దిగుమతి సుంకాలు ప్రకటించినప్పటి నుంచి రావులపాలెం అరటి యార్డు దగ్గర టీ కొట్లో గెలల రేటుతో పాటు అమెరికా కబుర్లు కూడా నడుస్తున్నాయి. మాకు రెండెకరాల కొబ్బరి తోట, అందులో అంతరపంటగా అరటి. సుంకాల నోటిఫికేషన్లు చదివే పాడలవాటు నాకుందని తెలిసి చుట్టాలు, తోటి రైతులు వచ్చి అడుగుతుంటారు. పదేపదే అడిగినవి ఇక్కడ రాశాను. ఈ రేట్లు నెలల్లోనే మారిపోతున్నాయి కాబట్టి అంకె పక్కన తేదీ కూడా చూసుకోండి.

అమెరికా సుంకం వేస్తే మన గెల రేటు పడిపోతుందా?

నేరుగా అయితే పడదు. ప్రపంచంలో అరటి అందరికంటే ఎక్కువ పండించేది మన దేశమే. పండినదాంట్లో దేశం దాటేది మాత్రం నూటికి ఒక వంతు, అటూ ఇటూ. ఆ దాటేది కూడా ఎక్కువగా గల్ఫ్ వైపు పోతుంది. అది జీ-9 రకం, అనంతపురం, కడప, మహారాష్ట్ర నుంచి డబ్బాల్లో సర్దుకుని వెళ్తుంది. అమెరికావాళ్లు తినే అరటి గ్వాటెమాలా, ఈక్వెడార్, కోస్టారికాల నుంచి వస్తుంది. మన కర్పూర చక్కెరకేళీ ఎక్కే లారీ ఒడిశాకో, బీహార్‌కో, తమిళనాడుకో పోతుంది.

కాబట్టి గెల రేటు పడితే ముందు చూడాల్సినవి వేరే. ఆషాఢమా, శ్రావణమా? వరద వస్తోందని లంకల్లో తోటలన్నీ ఒకేసారి నరికారా? లారీలు ఎక్కడైనా ఆగాయా? ఒక వర్తకుడు నాతోనే అన్నాడు, "అమెరికా దెబ్బండీ, అందుకే తగ్గింది" అని. ఆ రోజు యార్డు గేటు బయట దాకా గెలల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రేటు ఎందుకు తగ్గిందో అక్కడ నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

అసలు సుంకం కట్టేది ఎవరు?

అమెరికా మన సరుకు మీద 50 శాతం వేసిందంటే ఆ డబ్బు మన ప్రభుత్వం కట్టదు, మన ఎగుమతిదారూ కట్టడు. అక్కడ సరుకు దించుకునేవాడు వాళ్ల కస్టమ్స్‌కు కడతాడు. వంద రూపాయల సరుకు అతనికి 150 పడుతుంది. అప్పుడతను మన ఎగుమతిదారుకు ఫోన్ చేసి "ఇందులో సగం నువ్వు భరించు" అంటాడు. ఎగుమతిదారు ఫ్యాక్టరీ వాడితో అంటాడు, ఫ్యాక్టరీ వాడు వర్తకుడితో, వర్తకుడు మనతో. మనం ఆ మాట అనడానికి మన తర్వాత ఎవరూ లేరు. చెట్టుతో బేరమాడలేం కదా.

అయితే అరటి రైతుకి ఈ గొడవల వల్ల ఏ నష్టమూ లేదంటారా?

ఉంది. దెబ్బ గెల మీద కాదు, ఎరువు బస్తా మీద పడుతుంది.

అరటి పొటాష్ బాగా తినే పంట. గెల నిండాలన్నా, కాయ లావెక్కాలన్నా అదే కావాలి. మన దేశంలో వాడే పొటాష్ దాదాపు అంతా దిగుమతే. కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల నుంచి ఓడల్లో వస్తుంది. 2021లో బెలారస్ పొటాష్ మీద అమెరికా, యూరప్ ఆంక్షలు పెట్టాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. అంతకుముందు వెయ్యి రూపాయల చుట్టూ దొరికిన 50 కిలోల బస్తా ఆ ఏడాది 1,700 దాకా పోయింది. మా నాన్నగారు ఆ బిల్లు ఇప్పటికీ పంచాంగంలో పెట్టి దాచుకున్నారు, ఎవరైనా పొటాష్ ఊసెత్తితే తీసి చూపిస్తారు.

ఆ సీజన్లో మేము మోతాదు తగ్గించి వేశాం. గెల కోతకొచ్చేసరికి పై అత్తాలు (గెలలో కాయల వరసలు) బాగానే ఉన్నాయి, చివరి రెండు అత్తాల్లో కాయలు చిటికెన వేలంత కూడా లేవు. యార్డులో కొనేవాడు అడుగు అత్తాన్ని చేత్తో ఎత్తి చూశాడు. ఏమీ అనలేదు. రేటు తగ్గించి చెప్పి పక్క గెల దగ్గరికి వెళ్లిపోయాడు. బెలారస్ ఎక్కడుందో ఆయనకూ తెలియదు, ఆ రోజుకి నాకూ తెలియదు.

యూరియాకి ఇలా ఎందుకు జరగదని కొందరు అడుగుతారు. యూరియా 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలని ప్రభుత్వం కట్టడి చేసింది, పెరిగిన ఖర్చంతా సబ్సిడీగా అదే భరిస్తుంది. పొటాష్‌కి 2010 నుంచి పోషకాల లెక్కన ఇంత అని సబ్సిడీ ఇస్తారు, బస్తా ధర కంపెనీలు వేసుకుంటాయి. అందుకే బయట గొడవైతే యూరియా ధర కదలదు, పొటాష్ ధర ఎగురుతుంది. చౌకగా ఉంది కదా అని మనవాళ్లు యూరియా గుమ్మరిస్తారు. చెట్టు పచ్చగా ఏపుగా లేస్తుంది, గెల మాత్రం తేలిపోతుంది. డీఏపీ కథ వేరు: 2021 నుంచి చైనా తన ఎగుమతుల మీద ఆంక్షలు పెడుతూ తీస్తూ ఉంది. దాని ధర ఇక్కడ 1,350 దగ్గర కట్టేసినా, కావాల్సిన నాటికి సరుకు దొరక్క సొసైటీ ముందు క్యూలు కట్టాల్సి వస్తోంది.

2025లో అమెరికా సుంకాలు ఎలా పెరిగాయి?

ఏప్రిల్ 2న మన దేశం మీద 26 శాతం అని ప్రకటించారు. ముందు 10 అమలు చేసి మిగిలింది వాయిదా వేశారు. ఆగస్టు 7 నుంచి 25 అయింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27 నుంచి ఇంకో 25 కలిపారు. అప్పటికి మొత్తం 50.

నవంబర్ మధ్యలో అరటి, కొబ్బరి, మామిడి, అనాస, కాఫీ, టీ, కోకో, మసాలా దినుసుల వంటివాటిని పరస్పర సుంకాల (ఏప్రిల్‌లో ప్రకటించిన ఆ మొదటి విడత) నుంచి తప్పించారు. మన మీద జాలితో కాదు. అవి అక్కడ సరిపడా పండవు, అంగడి రేట్లు పెరిగి అక్కడి జనం గోల పెట్టారు. రొయ్యకి ఆ మినహాయింపు రాలేదు.

కొబ్బరి రేటుకీ పామాయిల్ సుంకానికీ ఏం సంబంధం?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో వర్తకం చేసేవాళ్లని అడిగితే ఈ ప్రశ్నకి నవ్వుతారు. వాళ్లకిది పసుపు కుంకుమలంత మామూలు విషయం. రైతుకే ఎవరూ చెప్పరు.

మన కాయ కొంత పచ్చికాయగానే ఉత్తరాదికి, గుళ్లకి, పండగలకి పోతుంది. మిగిలింది ఎండి నూనె మిల్లుకి చేరుతుంది. సబ్బుల వాళ్లు, తినుబండారాల వాళ్లు ఏ నూనె చౌకగా వస్తే అటు మొగ్గుతారు. మన దేశం వాడే వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. ఆ నూనె ఓడ దిగే రేటు మీద మన ఎండు కొబ్బరి రేటు కొంతవరకు ఆధారపడుతుంది. దాన్ని పైకీ కిందకీ జరపగలిగే మీట ఢిల్లీలో ఉంది.

2024 సెప్టెంబర్ 14న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. సెస్సులు కలిపితే 27.5. నూనెగింజల రైతులు సంతోషించారు. కొనేవాళ్లకి వంటింటి ఖర్చు పెరిగింది. 2025 మే నెలాఖరుకి మళ్లీ 10కి తగ్గించారు, సెస్సులతో 16.5. ఎనిమిది నెలల్లో రెండు సార్లు. మనం మొక్క నాటితే కాపుకి రావడానికే ఏళ్లు పడుతుంది, ఈ లెక్క చూసుకుని ఎవరు నాటగలరు?

కొన్నిసార్లు దీనికి వ్యవసాయంతో అసలు సంబంధమే ఉండదు. కశ్మీర్ గురించి అప్పటి మలేషియా ప్రధాని మహతీర్ మాట్లాడిన మాటలకి మన ప్రభుత్వానికి కోపం వచ్చింది. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతి మీద ఆంక్ష పడింది. 2022లో ఇండోనేషియా తన జనానికి నూనె చాలడం లేదని ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా పామాయిల్ ఎగుమతే ఆపేసింది. ఆ నెలలో మన కిరాణా కొట్లో ప్యాకెట్ రేటు గుర్తు తెచ్చుకోండి.

2025లో కొబ్బరి ధర అంత పెరిగింది సుంకం వల్లేనా?

ఆ పేరంతా సుంకానికి ఇవ్వకండి. వెయ్యి కాయలు 20 వేలు దాటిన రోజులు చూశాం. ప్రధాన కారణం కాయ లేకపోవడం. 2023-24 ఎల్ నినో ఎండలకి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లలో దిగుబడి పడింది. కొబ్బరికి ఒక లక్షణం ఉంది: ఈ ఏడు నీరు తక్కువైతే ఆ దెబ్బ వచ్చే ఏటి కాపులో కనిపిస్తుంది. దానికి తోడు కేరళ, తమిళనాడు తోటల్లో తెగుళ్లు, బోండాలకి గిరాకీ. కోనసీమలో తెల్లదోమ ఉండనే ఉంది. దింపు వాళ్లు చెట్టెక్కి చూసి "కాయేదండీ?" అన్న తోటలున్నాయి. రేటు ఆకాశంలో, కాయ కూడా ఆకాశంలోనే.

రేటు బాగోలేనప్పుడు సరుకు ఆపుకోవచ్చా?

అరటికి కుదరదు. కొబ్బరికి కుదురుతుంది. సుంకం కబురు ఎవరిని ఎంత కొడుతుందో చెప్పాలంటే నేను మొదట చూసేది ఇదే.

గెల నరికాక మీకున్నది రోజుల గడువు. కొనేవాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు. కొబ్బరి అయితే వలవకుండా అటకల మీద కురిడీకి పెట్టొచ్చు. పది నెలలు, ఏడాది ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి గుండు చిప్ప నుంచి విడుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గుండు దొర్లిన చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు వచ్చేలోగా ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వచ్చి పోవచ్చు. అయితే ఏడాది సరుకు ఆపుకునే స్తోమత ఎవరికుంది? పిల్లల ఫీజు జూన్‌లోనే కట్టాలి. రెండెకరాల వాడు దింపిన రోజే అమ్ముతాడు, అటక ఉన్న వర్తకుడు ఆపుతాడు.

మద్దతు ధర ఉంది. 2025 సీజన్‌కి క్వింటా ఎండు కొబ్బరికి 11,582, కురిడీకి 12,100 రూపాయలు. ఆ ఏడు బజారు రేటు దానికి చాలా పైన ఉండటంతో దాని అవసరం పడలేదు. మార్కెట్ పడిన ఏడాదే దాని విలువ తెలిసేది.

పీచు, పొట్టు యూనిట్ల మాటేమిటి?

సుంకం నేరుగా తగిలేది ఇక్కడే. మన కొబ్బరి డొక్కల నుంచి తీసిన పీచు, పొట్టు, వాటితో చేసిన దిమ్మెలు చైనా, అమెరికా, యూరప్‌లకి పోతాయి. అక్కడ నర్సరీల్లో మట్టి బదులు వాడతారు. కొనేవాడు ఆర్డర్ తగ్గిస్తే యూనిట్ వాడు డొక్క రేటు తగ్గిస్తాడు, లేదా తీసుకోనే తీసుకోడు. రైతుకి డొక్క మీద వచ్చేది చిన్న మొత్తమే. కానీ చాలా ఇళ్లలో వలుపు కూలి దాంతోనే సరిపెడతారు.

అరటి కోసం దేశాలు నిజంగా కొట్టుకున్నాయా?

ఇరవై ఏళ్లు కొట్టుకున్నాయి. చిన్న రైతులకి నేను తప్పకుండా చెప్పే కథ ఇది.

1993లో యూరప్ దేశాలు అరటి దిగుమతికి ఉమ్మడి నిబంధనలు పెట్టుకున్నాయి. తమ పాత వలసలైన కరీబియన్, ఆఫ్రికా దేశాల పండుకి రాయితీ, లాటిన్ అమెరికా పండుకి కోటా, సుంకం. ఈక్వెడార్, గ్వాటెమాలా, హోండురాస్, మెక్సికోలు అభ్యంతరం చెప్పాయి. వాటితో పాటు అమెరికా కూడా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. అమెరికా అరటి ఎగుమతి చేసే దేశం కాదు. కానీ లాటిన్ అమెరికా తోటల వెనక ఉన్న పెద్ద కంపెనీలు అమెరికావి. 1997లో తీర్పు యూరప్‌కి వ్యతిరేకంగా వచ్చింది. యూరప్ దారికి రాలేదని 1999లో అమెరికా ఏడాదికి 19 కోట్ల డాలర్ల పైన విలువైన యూరప్ సరుకు మీద ప్రతీకార సుంకాలు వేసింది. ఆ జాబితాలో హ్యాండ్‌బ్యాగులు, పక్కదుప్పట్లు, కాఫీ మిషన్లు ఉన్నాయి. అరటి గొడవకి దుప్పటి నేసేవాడు బలి. 2009 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. టన్నుకి 176 యూరోల సుంకాన్ని మెల్లగా 114కి దించుతామని యూరప్ ఒప్పుకుంది. 2012 నవంబర్‌లో కేసులన్నీ మూసేశారు.

కేసు వేసినవాళ్లలో గానీ, ఎదుర్కొన్నవాళ్లలో గానీ లేని ఒక వర్గం ఉంది. సెయింట్ లూసియా, డొమినికా, సెయింట్ విన్సెంట్ అనే చిన్న దీవుల్లో కొండవాలు మీద మనలాగే ఎకరం, రెండెకరాల్లో అరటి వేసుకునే రైతులు. యూరప్ రాయితీ మీదే వాళ్ల బతుకు. అది కరిగిపోతుంటే వేలమంది తోటలు వదిలేశారు. మిగిలినవాళ్లలో చాలామంది ఫెయిర్‌ట్రేడ్ (రైతుకి న్యాయమైన ధర ఇచ్చామనే) ముద్రతో అమ్మి నిలబడ్డారు. వాళ్ల తరఫున వాదించినవాళ్లు ఉన్నారు, కానీ బల్ల దగ్గర కుర్చీ మాత్రం పెద్ద దేశాలదే.

సుంకం లేకుండా కూడా సరుకు ఆపేస్తారట, నిజమేనా?

నిజమే. నన్నడిగితే పండ్ల విషయంలో సుంకం కంటే భయపడాల్సింది దీనికే. సుంకం ఎంతో ముందే తెలుస్తుంది. "పురుగు ఉంది" అనే మాట మాత్రం ఓడ రేవుకి చేరాక వినబడుతుంది.

2012లో దక్షిణ చైనా సముద్రంలో ఒక దిబ్బ దగ్గర చైనా, ఫిలిప్పీన్స్ నౌకలు ఎదురుపడ్డాయి. కొద్ది వారాల్లోనే ఫిలిప్పీన్స్ అరటి మీద చైనా తనిఖీలు బిగించింది, కంటైనర్లు రేవుల్లోనే కుళ్లిపోయాయి. 2021 మార్చి 1 నుంచి తైవాన్ అనాసపండ్లని పిండినల్లి పేరుతో చైనా ఆపేసింది. తైవాన్ జనం పంతానికి కొని తిన్నారు, జపాన్ ఎక్కువ తెప్పించుకుంది.

మనకీ తగిలింది. 2014 మే 1న పండుఈగ ఉందని యూరప్ మన మామిడిని నిషేధించింది, 2015 జనవరిలో గానీ ఎత్తెయ్యలేదు. 2025 మేలో విమానంలో అమెరికా చేరిన దాదాపు 15 కన్‌సైన్‌మెంట్ల మామిడిని వికిరణ ప్రక్రియ (కిరణాలతో పురుగుని చంపే పద్ధతి) కాగితాల్లో లోపం ఉందని అక్కడ ఆపేశారు. పండులో తప్పు లేదు, కాగితంలో ఉంది. వెనక్కి తెచ్చే ఖర్చు పండు విలువని మించడంతో అక్కడే పారబోశారు.

మన దేశం తిరిగి సుంకం వేస్తే మనకి లాభమే కదా?

ఎవరు ఏం పండిస్తున్నారన్నదాన్ని బట్టి. 2018లో అమెరికా మన ఉక్కు, అల్యూమినియం మీద సుంకం వేసింది. 2019 జూన్‌లో మనం బదులుగా వాళ్ల ఆపిల్, బాదం, వాల్‌నట్‌ల వంటివాటి మీద వేశాం. ఆపిల్‌కి అప్పటికే ఉన్న 50 శాతానికి ఇంకో 20 కలిసింది. కశ్మీర్, హిమాచల్ రైతులకి ఊపిరాడింది. 2023 సెప్టెంబర్‌లో ఆ 20 తీసేసినప్పుడు వాళ్లే లబోదిబోమన్నారు. మన అరటికి దీంతో పెద్దగా పోటీ లేదు. వ్రతం పీట మీద ఆపిల్ పెట్టి కానిచ్చేద్దామని ఇంతవరకు ఏ పంతులుగారూ అనలేదు.

పొరుగు దేశం వేస్తే వేరే రకం దెబ్బ. బంగ్లాదేశ్ నారింజ మీద దిగుమతి సుంకం పెంచుకుంటూ పోయేసరికి విదర్భ రైతుల సరుకు వెనక్కి మళ్లింది. అలా మళ్లిన పండు దేశంలోని బజార్లలోకే చౌకగా దిగుతుంది.

రొయ్యల చెరువు గొడవ తోట రైతుకెందుకు?

భీమవరం వైపు వాళ్లని ఈ ప్రశ్న అడగనక్కర్లేదు. రొయ్య మీద ముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేవి), కౌంటర్‌వెయిలింగ్ (మన ప్రభుత్వ సాయం అందుతోందని వేసేవి) సుంకాలు కూడా కలిసి 2025 ఆగస్టు తర్వాత మొత్తం 58 శాతం దాకా పోయింది. మన చెరువు గట్ల మీదే కొబ్బరి ఉంది. లారీలు అవే, కూలీలు వాళ్లే, చాలా ఊళ్లలో అప్పిచ్చే షావుకారు కూడా ఒక్కడే. చెరువులో మునిగినవాడికి ఇచ్చిన డబ్బు రాకపోతే ఆయన తోట వాడిని పిండుతాడు.

ఇంకోటి: రొయ్య బాగున్న ఏళ్లలో తోటలు కొట్టి చెరువులు తవ్వారు. ఉప్పెక్కిన ఆ నేలలో రేపు సుంకం దెబ్బకి చెరువు ఎండగట్టి అరటి పిలకలు వేద్దామంటే అంత తేలిగ్గా లేవవు.

కొబ్బరిలో కోకో వేశాం. దాని రేటు పడటం కూడా సుంకమేనా?

కాదు. ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాలదే. అక్కడ పంట పోయి 2024 డిసెంబర్‌లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. మన పశ్చిమ గోదావరి, ఏలూరు వైపు ఎండు గింజలు 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా పోయాయి. 2025లో సగానికి పడితే రైతులు రోడ్డెక్కారు, కిలోకి 50 రూపాయలు ప్రభుత్వం వేసుకుని 500 వచ్చేలా చేసింది.

రాష్ట్రాల మధ్య కూడా ఇలాంటివి ఉంటాయా?

సుంకం పేరుతో ఉండవు, చెక్‌పోస్టు పేరుతో ఉంటాయి. 2025 జూన్‌లో తోతాపురి మామిడి ధర కుప్పకూలినప్పుడు చిత్తూరు జిల్లాలోకి కర్ణాటక కాయ రానివ్వద్దని ఉత్తర్వు ఇచ్చారు. అక్కడి ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. రేపు ఒడిశా మన గెలల లారీకి అలా చేస్తే? రావులపాలెం వారంలో మూత పడుతుంది. ట్రంప్ సంగతి కంటే నాకు ఇదే ఎక్కువ టెన్షన్.

కౌలు రైతుకి ఏం మారుతుంది?

పొటాష్ పెరిగినా, గెల తగ్గినా కౌలు మాత్రం తగ్గదు. ముందే కట్టేసి ఉంటాడు. కౌలు కార్డు లేకపోతే పంట నష్టం సాయం కూడా భూమి యజమాని ఖాతాకే పోయే ప్రమాదం ఉంది. కౌలు కార్డు రాయించుకోండి. యజమానితో మొహమాటం ఉంటుందని తెలుసు, అయినా అడగండి.

చిన్న రైతు ఎగుమతికి వెళ్లొచ్చా?

ఒంటరిగా వద్దు. బయటి మార్కెట్ అడిగేది జీ-9. మన కర్పూరం రుచిలో దానికి ఏమాత్రం తీసిపోదు, కానీ ఒకే పొడవు, ఒకే రంగు, డబ్బా నిండా మచ్చలేని కాయ అన్న లెక్కలో ఇమడదు. గెలకి కవర్లు తొడగాలి, కోశాక నేల తగలకూడదు, ప్యాక్‌హౌస్ కావాలి, అపెడాలో (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) నమోదైన ఎగుమతిదారు కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘంగా కలిస్తే ఆలోచించొచ్చు. 2025 జులై 24న బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, సుంకం పోతే దారి తెరుచుకుంటుందని ఆశపడేవాళ్లున్నారు. పైన చెప్పిన పురుగు, కాగితం సంగతి మర్చిపోకండి.

రోజూ ఈ వార్తలు చూస్తూ కూర్చోవాలా?

అక్కర్లేదు. పిలకలు వేసే ముందు పొటాష్ రేటు కనుక్కోండి. కొబ్బరి దింపించే ముందు వంటనూనెల సుంకం ఏమైనా మారిందా అని ఒకసారి చూడండి, పేపర్లో మూడో పేజీలో చిన్నగా వేస్తారు. తెగులు అనుమానం ఉంటే అంబాజీపేట, కొవ్వూరు పరిశోధన స్థానాల్లో అడగండి.

మా బాబాయ్ అయితే ఇవేవీ పట్టించుకోరు. నరికే ముందు రోజు సాయంత్రం యార్డుకి ఫోన్ చేసి "ఒడిశా బళ్లు ఎన్నొచ్చాయిరా?" అని అడుగుతారు. మూడు కంటే తక్కువంటే కత్తి తీసి చూరులో దోపేస్తారు.